ఎవరి నిలువు?

హాజరు

ఆ గురువారం పొద్దున నారాయణఖేడ్‌లో మా బావుల దఫ్తర్ వరండాలో ఉన్నవారు: మోహతమీం సాహెబ్, అంటే నాలుగు తాలూకాల బావుల పనికి పై అధికారి, కల్హేర్ వైపు ఓవర్సీర్‌ను నేను, సిర్గాపూర్ వైపు ఓవర్సీర్ ఈరప్ప, నా బావి తవ్వుతున్న బోడగుట్ట గూడెం నుంచి భీమన్న, ఈరప్ప బావి తవ్వుతున్న పీర్లకుంట నుంచి సాయిలు, తలుపు దగ్గర దఫేదారు. ఉన్న వస్తువులు: కుర్చీ ఒకటి, నల్లబోర్డు ఒకటి, సుద్దముక్క, యాభై అడుగుల గుడ్డ టేపు, ముడులు వేసిన తాళ్ళు రెండు, రాయి పేల్చే బారూదు పెట్టె ఒకటి.

పెట్టె ఒకటే. బావులు రెండు. ఈ పనిలో చేరబోతున్న మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ వరండాలోనే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను.

నాకిప్పుడు ముప్పై రెండేళ్ళు. వజీఫా, అంటే పింఛను, తీసుకుంటున్నాను. వజీఫా కచేరీ ముందు వరుసలో నా ముందు నిలబడే వాళ్ళంతా తెల్లగడ్డాల వాళ్ళు. నన్ను చూసి, తండ్రి బదులు వచ్చిన కొడుకు అనుకుంటారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పని చేస్తుంది. బావుల పనిలో పైనుంచి అరిచిన మాట కింద, కింద అరిచిన మాట పైన వినపడాలి. అది లేని మనిషిని సర్కారు ఇంటికి పంపింది. అది న్యాయమే.

ఇంజనీరింగ్ స్కూలు నుంచి కొత్తగా వచ్చే కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చి, పని ఎట్లా ఉంటుందని అడుగుతారు. పై ఉద్యోగానికి తరక్కీలు, సెలవులు, ఊళ్ళు తిరిగిన దౌరా బిల్లులు నియమాల పుస్తకంలో ఉన్నాయి. రాయి కొట్టడం ఒడ్డెరవాళ్ళు నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. మీ పక్క ఓవర్సీర్ బావిలో నీళ్ళు పడ్డాయని తెలిసిన రోజు అన్నం ఎట్లా తినాలి అనేది.

బోర్డు

ఈరప్ప, నేను స్కూల్లో ఒకే బెంచీ. పరీక్షలో నేను మొదటివాణ్ణి, అతను పదకొండో వాడు. ఇద్దరినీ ఒకే తాలూకాకు వేశారు. అతని వాళ్ళు కన్నడం మాట్లాడే వ్యాపారస్తులు, రెండు తరాల కింద ఇటు వచ్చారు. మావాళ్ళు ఇక్కడి సేద్యగాళ్ళే.

నాకున్నవి, అతనికి లేనివి: చేతిరాత, నక్షా గీయడం, లెక్క, లెవల్ యంత్రం పట్టే నేర్పు, పొద్దున్నే లేచే అలవాటు. అతనికున్నవి, నాకు లేనివి: నాలుగు భాషలు, మంచి మీసం, సైకిలు, ఏ ఊరికి పోయినా జొన్నరొట్టె మీద పల్లీల పొడి వేసి పెట్టే ఇల్లు ఒకటి, నీళ్ళు. ఈ చివరిది కాగితం మీద పెట్టలేని గుణం. నేను వాలు చూసి, రాతి పగుళ్ళు చూసి, చెట్ల వరుస చూసి, మూడుచోట్ల గుర్తు పెట్టి ఒకటి ఎంచేవాణ్ణి. స్థలం ఎట్లా ఎంచుతావని అతన్ని అడిగితే, చూస్తాను, కూచుంటాను, ఇక ఇక్కడ అనిపిస్తుంది అనేవాడు. అబద్ధం చెబుతున్నాడని చాలాకాలం అనుకున్నాను. స్కూల్లో చదివిందే అతనూ చూసేవాడు, కాకపోతే కూచుని చూసేవాడు. అది తెలిశాక నా కడుపుమంట తగ్గలేదు, పెరిగింది. చదివిందొకటే అయితే నాకెందుకు పడవు?

మా మోహతమీం సాహెబ్ చెడ్డవాడు కాదు. ఎండలో నడిచేవాడు, కూలీలకు కూలి తక్కువ పడనిచ్చేవాడు కాదు. ఆయనకున్న జబ్బు ఒకటే. ఏ రెండు వస్తువులు కనపడినా పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు గుర్రాలు, రెండు ఖర్బూజాలు, ఇద్దరు వంటవాళ్ళు. వరండాలో నల్లబోర్డు పెట్టించి దాని మీద గీత గీసి, ఒక పక్క నా పేరు, ఒక పక్క ఈరప్ప పేరు రాయించాడు. తాలూకా కచేరీకి పనిమీద వచ్చిన రైతులు కూడా ఆ బోర్డు చూసి పోయేవారు. ఔరంగాబాదు వైపు నుంచి ఎవరు వచ్చినా ఆయన మొదట అడిగేది, అక్కడి మోహతమీం ఈ ఏడు ఎన్ని బావులు వేశాడని. ఆ మోహతమీం ఆయనతో చదువుకున్నవాడట. ఆ సంగతి దఫేదారు చెప్పాక బోర్డు మీద మా పేర్ల వెనక ఇంకో రెండు పేర్లు నాకు కనపడేవి.

మొదటి ఏడు బోర్డు మీద బావుల సంఖ్య రాశారు. నేను ఐదు ముగించాను, అతను నాలుగు. ఆ ఏడు నాకు మంచి నిద్ర పట్టింది. ఎండాకాలానికి నావాటిలో మూడు ఎండిపోయాయి. సంఖ్య అడిగితే సంఖ్య ఇచ్చాను, నీళ్ళు అడగలేదు. రెండో ఏడు ఖర్చు రాశారు. ఎవరిది తక్కువైతే వారు గొప్ప. ఇద్దరం గట్టు కట్టడంలో సున్నం తగ్గించాం, వానలకు ఇద్దరి గట్లూ జారాయి. మూడో ఏడు లోతు. అధికారి ఏది కొలుస్తాడో కింద పనివాడు అదే తయారు చేస్తాడు. ఇది నా అభిప్రాయం కాదు, మూడేళ్ళు చూసింది.

బావుల పేర్లు

మీరు ఇక్కడివారు కాకపోతే ఒక మాట తెలుసుకోవాలి. ఈ వైపు ప్రతి బావికీ పేరుంటుంది. మామిడి బాయి, పటేల్ బాయి, రాళ్ళ బాయి, అత్త బాయి. దఫ్తర్‌లో మనం నంబరు వేస్తాం, ఊరు ఆ నంబరును ఒక్కరోజు కూడా పలకదు. పేరు ఎవరూ కూచుని పెట్టరు. ఎవరో ఒకరు నీళ్ళకు పోతూ ఏదో అంటారు, అదే నిలుస్తుంది.

మేం వచ్చిన రెండో ఏడు సిర్గాపూర్ దాటి ఒక చేనులో ఈరప్ప వేసిన బావికి పేరు వచ్చింది. ఈరప్ప బాయి.

ఆ మాట నేను మొదట విన్నది సంతలో, మిరపకాయలు అమ్మే ఆమె నోట. ఈరప్ప బాయి నీళ్ళు తియ్యగా ఉంటాయని ఎవరితోనో చెబుతోంది. నేను మిరపకాయలు కొనకుండానే వచ్చేశాను. సర్కారు మనిషి పేరు ఊరివాళ్ళు బావికి పెట్టుకోవడం నేను ఎక్కడా వినలేదు. తరక్కీ వస్తే కాగితం వస్తుంది, కాగితం చెదలు తింటుంది. బావి పేరు అట్లా కాదు. మనవలు పుట్టాక కూడా ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుంటూ ఆ పేరు అంటూనే ఉంటారు. ఆ తర్వాత నా ప్రతి బావి దగ్గరా నేను ఆలకించేవాణ్ణి. ఒకటి గుండ్రాయి బాయి అయింది. ఒకటి బర్రె పడ్డ బాయి అయింది. అవును, ఒక బర్రె పడింది. ఆ బర్రెకు దక్కింది నాకు దక్కలేదు.

ఈరప్పను దాని గురించి ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నాకు ఆ సంగతి పట్టిందని తెలుస్తుంది కదా.

బోడగుట్ట

మూడో ఏడు నాకు బోడగుట్ట గూడెం వచ్చింది. పద్నాలుగు ఇండ్లు. నీళ్ళు వాగు ఇసుకలో చెలిమ తవ్వి తోడుకుని తెచ్చుకోవాలి, ఎండాకాలం చెలిమ కూడా ఉండదు. పనిలో రాళ్ళు మోసే ఆడవాళ్ళకు పెద్ద సాయవ్వ. యాభై దాటిన మనిషి, పొట్టి, గొంతు మాత్రం గుట్ట అవతలికి వినపడుతుంది. పని మొదలైన రోజే నాతో చెప్పవలసింది చెప్పేసింది.

"ఉగాది దాక చూస్తం సాబ్. గప్పటి దాక నీళ్ళు పడకుంటె పద్నాలుగు ఇండ్లు లేస్తయ్. కాలువలు పారే దిక్కు పోతం. మా అన్న ఆడనే ఉన్నడు, రమ్మంటుండు."

నేను పడతాయన్నాను. ఆమె తట్ట ఎత్తుకుంది. మెత్తమట్టి త్వరగానే పోయింది, తర్వాత మొరం, తర్వాత నల్లరాయి. సమ్మెటతో కొడితే గంట కొట్టినట్టు మోగే రాయి. పగులు లేదు, చెమ్మ లేదు. అదే సమయంలో పీర్లకుంటలో ఈరప్పకూ రాయి తగిలింది.

అది యుద్ధం రోజులు. బారూదు దొరకడం లేదు. తాలూకా మొత్తానికి ఒక పెట్టె మిగిలింది. ఇద్దరం అడిగాం. మోహతమీం సాహెబ్ రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరి బావి ఎక్కువ లోతు పోయిందో వారే బాగా పని చేసినట్టు, పెట్టె వారిదే అన్నాడు. ఊళ్ళ నుంచి లోతు తెప్పించాడు. దఫేదారు సుద్దతో రాశాడు. నా పేరు కింద ఆరు నిలువులు. ఈరప్ప పేరు కింద ఏడు నిలువులు.

నిలువు అంటే మనిషి ఎత్తు. బావిలోకి ముందు దిగే మనిషిని గోడకు నిలబెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా తాడు పట్టి ముడి వేస్తారు. మళ్ళీ అంతే పట్టి ఇంకో ముడి. ఆ ముడుల తాడు బావిలోకి వదిలి లెక్క చెబుతారు. ఊరికొక తాడు, ఆ తాడుకొక మనిషి. బోడగుట్ట తాడు భీమన్నది. భీమన్న ఏ ఇంట్లోకి పోయినా వంగి పోవాలి. పీర్లకుంట తాడు ఎవరిదో నేను అప్పటికి చూడలేదు.

ఏడు అన్న అంకె చూసిన రోజు నేను దఫ్తర్ నుంచి ఇంటికి పోలేదు, నేరుగా బోడగుట్టకు పోయాను. టేపు వదిలాను. ముప్పై ఏడున్నర అడుగులు. ఈరప్ప బావి నలభై దాటి ఉండాలి అనుకుంటే నమ్మబుద్ధి కాలేదు. మా మందిని, వాళ్ళ మందిని, సమ్మెటలను లెక్కవేసి చూశాను. పొసగలేదు. మరునాడు మోహతమీం సాహెబ్ ముందు నిలబడి, రెండు తాళ్ళనూ, వాటి మనుషులనూ పిలిపించి టేపుతో కొలవాలని కోరాను. ఆయన కళ్ళు మెరిశాయి. పోలిక అంటే ఆయనకు పండుగే.

రెండు తాళ్ళు

అట్లా ఆ గురువారం వచ్చింది. సాయిలును చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. భీమన్న పక్కన నిలబెడితే అతని నెత్తి భీమన్న భుజం కిందికి వచ్చింది. మోహతమీం సాహెబ్ ఇద్దరినీ వీపు వీపు ఆనించి నిలబడమన్నాడు. దఫేదారు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"సాయిలును ఇంకింత పొట్టిగ కంటె పీర్లకుంట బాయి పాతాళం దాక పోతుండె సాబ్," అన్నాడు.

సాయిలు అటు తిరగకుండానే జవాబు చెప్పాడు. "నా నిలువుకు నేనేం జేయాలె? మా ఊర్ల బాయిల దిగెటోన్ని నేనొక్కన్నే. నువ్వు దిగుతవా చెప్పు, నీ తాడు పెడ్దం."

టేపు పరిచాను. భీమన్న నిలువు ఆరడుగుల మూడంగుళాలు. ఆరు నిలువులకు ముప్పై ఏడున్నర. సాయిలు నిలువు సరిగ్గా ఐదడుగులు. ఏడు నిలువులకు ముప్పై ఐదు. రెండున్నర అడుగులు నేను ఎక్కువ. లెక్క గట్టిగా చదివి వినిపించాను. ఈరప్ప మీసం సవరించుకుంటూ గోడకు ఆనుకుని వింటున్నాడు. అతని ముఖంలో ఏమైనా మారుతుందేమోనని చూశాను. దఫేదారు ఏడు చెరిపి ముప్పై ఐదు రాస్తుంటే సుద్ద కిర్రుమన్న చప్పుడు నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఇప్పుడు ఎడమ చెవికి ఏమీ వినపడదు, ఆ చప్పుడు మాత్రం ఉంది.

అప్పుడు సాయిలు మళ్ళీ నోరు తెరిచాడు. "సాబ్, మా బాయిల నీళ్ళు పడ్డయ్. తోడుకుంట తవ్వుతున్నం, గందుకె ఎనుకబడ్డం. మోకాళ్ళ దాక ఉన్నయ్."

"ఎవరి మోకాలు?" అన్నాడు భీమన్న.

అందరూ నవ్వారు. ఈరప్ప కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. నీళ్ళు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ముప్పై ఐదు అడుగులకే అతనికి నీళ్ళు. నాకు ముప్పై ఏడున్నరకు రాతిపొడి.

మోహతమీం సాహెబ్ బోర్డు వైపు చూసి, ఈసారి పోలిక లోతుకే అన్నాడు. నీళ్ళ మాట వచ్చే ఏడు బోర్డులో చూద్దామన్నాడు. పెట్టె నాది.

దీని గురించి నా తీర్పు నిష్పక్షపాతంగా రాస్తున్నాను. ఆ పెట్టె అవసరం నా బావికే. నీళ్ళు పడ్డ బావి చేతి ఉలితో, తోడుకుంటూ నెమ్మదిగా దిగవచ్చు. ఎండిన రాయికి మందు కావాలి. ఈ కారణం వరండాలో ఒక్కరూ చెప్పలేదు. మోహతమీం సాహెబ్ చెప్పలేదు, నేను చెప్పలేదు, ఈరప్ప కూడా చెప్పలేదు. పెట్టె సరైన చోటికే పోయింది, పోయిన దారి మాత్రం అర్థం లేనిది. మీ ఉద్యోగంలో ఇట్లాంటివి చాలా చూస్తారు. ఫలితం బాగుంది కదా అని దారిని మెచ్చుకోకండి.

పెట్టెను నా బండిలోకి ఎత్తింది ఈరప్పే. ఒక చివర అతను, ఒక చివర భీమన్న. బండి కదిలేముందు, నువ్వు టేపు అడుగుతావని నాకు తెలుసు రాజన్నా అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేలక దారంతా దాన్నే నమిలాను.

గెలిచింది ఏంది

బండి బోడగుట్ట చేరేసరికి ఆడవాళ్ళు వాగు నుంచి వస్తున్నారు. సాయవ్వ నెత్తిమీద బిందె, బిందెలో సగం నీళ్ళు, ఆ సగంలో సగం బురద. నేను బండి దిగకముందే చెప్పాను, పీర్లకుంటను గెలిచామని. భీమన్న వీపు వీపు ఆనించిన సంగతి కూడా అభినయించి చూపాడు. ఆడవాళ్ళు నవ్వారు. సాయవ్వ బిందె దించలేదు.

"పీర్లకుంటల నీళ్ళు పడ్డయట గద?"

పడ్డాయన్నాను.

"మల్ల మనం గెలిచింది ఏంది సాబ్?"

నా దగ్గర జవాబుంది. రెండున్నర అడుగులు. అప్పటికే ఆమె ఇంటి దారి పట్టింది. ఆ వారంలోనే రెండు ఇండ్లు ఉగాది దాకా కూడా ఆగకుండా కాలువల వైపు వెళ్ళాయి. వాటిలో ఒకటి భీమన్నది. తన తాడు కూడా తీసుకుపోయాడు, ఎద్దుకు పలుపు కావాలని. తాళం వేసిన ఇల్లు అంత చిన్న గూడెంలో ఎంత పెద్దగా కనపడుతుందో మీరు చూస్తే తెలుస్తుంది.

మందు పెట్టే పద్ధతి మీకు స్కూల్లో చెప్పే ఉంటారు. రాతిలో ఉలితో రంధ్రాలు వేయాలి, బారూదు కూరాలి, వత్తి పెట్టాలి, అంటించి పైకి రావాలి, జనాన్ని గుట్ట వెనక్కి పంపాలి. తర్వాత పేలుళ్ళు లెక్కపెట్టాలి. ఎన్ని వత్తులు అంటిస్తే అన్ని వినపడాలి. పెట్టెలో మందు ఉన్నంతకాలం రోజూ లెక్క సరిపోయింది. రాయి చీలుతూ వచ్చింది. చెమ్మ మాత్రం లేదు. ఉగాది దగ్గర పడుతోంది. సాయవ్వ కోడళ్ళు సామాను మూటలు కట్టడం మొదలుపెట్టారు. ఆమె ఆపలేదు, తొందరపెట్టలేదు. రోజూ పొద్దున గట్టు మీదికి వచ్చి కిందికి చూసి పోయేది.

ఆఖరి సరుకుతో నాలుగు రంధ్రాలు నింపాం. మూడు పేలాయి. నాలుగోది పేలలేదు. నియమం ప్రకారం ఆగవలసినంత సేపు ఆగాం, ఇంకా కొంచెం ఎక్కువే ఆగాం. ఆగాక ముందు పోవలసింది ఓవర్సీర్. నేను గట్టు చేరి తల వంచేసరికి అది పేలింది. యుద్ధకాలపు వత్తి, లోపల ఎక్కడో నిదానంగా కాలుతూ ఉండిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. నియమం మంచిదే, వత్తికి ఆ నియమం తెలియదు.

దవాఖాన

బీదరు దవాఖానలో నాకు తెలివి వచ్చాక చూడటానికి మొదట వచ్చింది ఈరప్ప. సైకిలు మీద వచ్చాడు. ఎడమ పక్కన కూచుని చాలాసేపు మాట్లాడాడు. పెదవులు కదులుతున్నాయి, మీసం కదులుతోంది, నాకు ఏమీ వినపడలేదు. చేత్తో సైగ చేస్తే లేచి మంచం చుట్టూ తిరిగి ఇటు వచ్చి, కుడి చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"నీళ్ళు పడ్డయంటున్న. బోడగుట్టల. గా నాలుగోది పేలిందాని కిందికెలి వచ్చినయ్."

"ఎంత?"

"నాకేం ఎరుక. నేను కొలువలే, తాగిన."

సాయవ్వ మూటలు విప్పించిందని చెప్పాడు. పన్నెండు ఇండ్లూ ఉంటున్నాయని చెప్పాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆ నీళ్ళు నాకంటే ముందు ఇతను ఎందుకు తాగాలి అన్నది కూడా అప్పుడే తోచింది. రెండూ ఒకేసారి రావడం సాధ్యమే. మీకూ వస్తాయి, కంగారుపడకండి.

"బాయికి పేరు గూడ పడ్డది," అన్నాడు.

నేను మంచం మీద కొంచెం లేచాను. ఏం పేరని అడిగాను.

"చెవిటి బాయి."

నేను నవ్వుతానేమోనని చూశాడు. నవ్వలేదు. రెండేళ్ళుగా లోపల ఉన్నది అప్పుడు బయటపడింది. నీకేం, నీ పేరుతో బావి ఉంది, నాకు నా చెవి పేరు పెట్టారు అన్నాను.

"నా పేరుతోనా? ఏ బాయి?"

"ఈరప్ప బాయి. సిర్గాపూర్ అవతల."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత నవ్వాడంటే కాంపౌండర్ వచ్చి రోగులున్నారని కోప్పడ్డాడు.

"యాకప్పా, ఏందయ్యా రాజన్నా, గా ఈరప్ప నేనా? గా చేను ఈరప్ప తాతది. నేను పుట్టకముందె సచ్చిపోయిండు. మా దిక్కు ఇంటికొక ఈరప్ప ఉంటడు. సర్కారోని పేరు బాయికి ఎవడు పెడ్తడు?"

"మరి నాకెన్నడూ చెప్పలేదు."

"నువ్వు ఎన్నడన్న అడిగినవా? బోర్డు కాడ నిలబడి నా దిక్కు కొరకొర చూస్తుంటివి. ఎందుకో నాకేం ఎరుక." గొంతు తగ్గించాడు. తగ్గించడం మరిచిపోయి మళ్ళీ పెంచాడు. "సర్కారు మనిషి పేరు పడ్డ బాయి గీ తాలూకల ఒక్కటే, గది నీది. నా పేరెక్కడ లేదు."

రెండేళ్ళు నేను కుళ్ళింది ఎప్పుడో చచ్చిపోయిన ఒక ముసలివాడి మీద. లెక్కలో మొదటివాణ్ణి. రెండు తాళ్ళు ఒకటి కాదని పట్టుకున్నవాణ్ణి. రెండు ఈరప్పలు ఒకటి కాదని పట్టుకోలేదు. ఆ మాట అంటే ఈరప్ప మళ్ళీ నవ్వాడు. కాంపౌండర్ ఈసారి అతన్ని బయటికి పంపించాడు.

అసూయ అంతటితో పోయిందని రాస్తే మీరు సంతోషిస్తారు. పోలేదు. అతను గది దాటేలోపే కొత్తది మొదలైంది. అట్లా నవ్వగలగడం మీద.

కొత్తగా వచ్చేవారికి

బోర్డు ఇప్పటికీ ఉందట. మోహతమీం సాహెబ్ బదిలీ అయ్యాడు. ఎటు బదిలీ అయ్యాడో చెబితే మీరూ ఆయన్ను ఆ ఔరంగాబాదు మోహతమీంతో పోలుస్తారు కాబట్టి చెప్పను. కొత్త సాహెబ్ దాని మీద సెలవుల జాబితా రాయిస్తున్నాడు. అది మంచి వాడకం.

నీళ్ళు ముందు పడ్డవాడు గొప్పా, లోతు ఎక్కువ తవ్వినవాడు గొప్పా అని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతారు. ఈరప్ప కింద నా రాయి లేదు, నా కింద అతని రాయి లేదు. నేను పీర్లకుంటలో ఉంటే నాకూ మోకాలి లోతు నీళ్ళు పడేవేమో. పడేవి కావేమో. ఇద్దరినీ ఒకే బావిలో దింపి చూసే ఉపాయం లేదు. ఉన్నా, ఒకసారి తవ్విన బావిని ఇంకొకడు మళ్ళీ తవ్వలేడు. పోలిక పెట్టాలంటే ముందు ఒకే తాడు కావాలి, ఒకే మనిషి నిలువు కావాలి. అది ఏ దఫ్తర్‌లోనూ దొరకదు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసినందువల్ల మంట తగ్గదు. పని మాత్రం చెడకుండా చూసుకోవచ్చు. మీరు పక్కవాడి బావివైపు చూడకుండా ఉండలేరు. చూడండి. చూశాక మీ బావి దగ్గరికి తిరిగి రండి.

పోయిన నెల బోడగుట్టకు వెళ్ళాను. ఎండలు బాగా ముదిరాయి. గూడెంలో పన్నెండు ఇండ్లకు ఇంకొకటి కలిసింది, కాలువల నుంచి ఒక కుటుంబం తిరిగి వచ్చింది. భీమన్న రాలేదు. బావి గట్టు మీద ఇద్దరు ఆడపిల్లలు చెవిటి బాయి చెవిటి బాయి అనుకుంటూ చేద లాగుతున్నారు. ఆ చెవి నాదని వాళ్ళకు తెలియదు.

నీళ్ళు ఎంత ఉన్నాయని సాయవ్వను అడిగాను. సంచిలో టేపు ఉంది, తీయబోయాను. ఆమె అప్పటికే ఒక తాడు తెచ్చి అరికాలి కింద తొక్కిపట్టింది.

"పట్టు సాబ్. కొప్పు మీదికెలి పట్టకు, నెత్తి మీదికెలి పట్టు. లేకుంటె నీళ్ళు తక్కువైతయ్."

నెత్తి దగ్గర పట్టి ముడి వేశాను. అట్లా కొస వైపు నాలుగు ముడులు వేసి, కొసకు రాయి కట్టి, పొడుగు తాడంతా వదిలాం. రాయి అడుగు తాకాక పైకి లాగి, తాడు తడిసిన మేర లెక్కపెట్టాం. పీర్లకుంటలో ఈ ఎండకు ఎంత ఉన్నాయో అడుగుదామని నోటిదాకా వచ్చింది. సాయవ్వ తాడు పిండుతోంది. అడగలేదు.

చెవిటి బాయిలో నీళ్ళు, సాయవ్వ నిలువుతో, రెండున్నర.